బైక్ భద్రతపై అవగాహన కార్యక్రమం ఎలా నడపాలి: ఒక కూడలి, ఒక అలవాటు, ఎనిమిది వారాలు

ర్యాలీ తీశాం, కరపత్రాలు పంచాం, ఫ్లెక్సీలు కట్టాం. నెల తిరిగేసరికి రోడ్డు మళ్ళీ ఎప్పటిలాగే ఉంది. ఎక్కడ పొరపాటు జరిగిందని చాలామంది అడుగుతున్నారు. ఎక్కువసార్లు ఆ పొరపాటు ఒకటే: "జాగ్రత్తగా నడపండి" అని అందరికీ కలిపి చెప్పడం. తాము జాగ్రత్తగానే నడుపుతున్నామని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. అందుకే ఆ మాట ఎవరికీ తగలదు.

ఒక చోటు ఎంచుకోవాలి. అక్కడ ఒక రకం వాహనదారు మానాల్సిన పనో, నేర్వాల్సిన పనో ఒక్కటే తీసుకోవాలి. దాన్ని చూపించి, వాళ్ళ చేత చేయించి, ముందూ వెనకా లెక్క తీయాలి. పది నుంచి పదిహేనుమంది వాలంటీర్లతో ఎనిమిది వారాల్లో ఇది ఎలా చేయాలో కింద ఉంది. మొదటి రెండు వారాలు లెక్కకు, మూడోది సందేశానికి, నాలుగోది అనుమతులకూ శిక్షణకూ, తర్వాతి మూడు ప్రదర్శనలకు, చివరిది మళ్ళీ లెక్కకు.

## 1. ముందు రోడ్డు పక్కన నిలబడి లెక్క తీయండి

ఈ మెట్టును దాటేయాలని అందరికీ అనిపిస్తుంది. దాటేయకండి. లెక్క లేకపోతే ఏం చెప్పాలో తెలియదు, చెప్పింది పని చేసిందో లేదో అంతకన్నా తెలియదు.

ఇద్దరిద్దరుగా నిలబడండి. ఒకరు చూస్తూ పైకి చెబుతారు, రెండోవారు తల ఎత్తకుండా గీతలు పెడతారు. ఒకే మనిషి చూస్తూ రాస్తే, రాసే క్షణంలో వెళ్ళిన బండ్లన్నీ జారిపోతాయి. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి బండినీ, రద్దీలో ప్రతి మూడో బండినీ లెక్కించండి. ఏది పాటించాలో ముందే తేల్చుకోవాలి. కంటికి ఆనిన బండ్లనే ఎంచుకుంటూ పోతే తప్పు చేసేవాళ్ళే కాగితం నిండా చేరతారు.

కనీసం 400 బైకులు, మలుపు తిరిగే 400 వాహనాలు కావాలి. ఆ సంఖ్యకు ఒక లెక్క ఉంది. 400 పరిశీలనలతో వచ్చిన శాతం అటూఇటూ 5 పాయింట్ల వరకు ఊగవచ్చు (50 శాతం వస్తే అసలుది 45, 55 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు). ముందు 400, తర్వాత 400 పోల్చినప్పుడు 7 పాయింట్ల లోపు తేడా కాకతాళీయంగా కూడా రావచ్చు. వందమందిని చూసి "పది శాతం పెరిగింది" అని ప్రకటిస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

లెక్క కాగితంలో ఉండాల్సిన గడులు:

- నడిపేవారికి హెల్మెట్ ఉందా. స్ట్రాప్ బిగించి ఉందా (రెండూ వేర్వేరు గడులు)
- వెనక కూర్చున్నవారికి ఇవే రెండు గడులు
- మలుపు తిరిగే వాహనం ఇండికేటర్ ముందుగా వేసిందా, తిరుగుతూ వేసిందా, అసలు వేయలేదా
- కారు డ్రైవర్ తల తిప్పి చూశాడా
- ఉన్నట్టుండి బ్రేకు వేయడం, పక్కకు తప్పించడం: కూడలి బొమ్మ గీసి, జరిగిన చోట చుక్క
- "తెలియలేదు" గడి: అనుమానం ఉన్నవన్నీ ఇందులోకే

వారంలో ఏ రోజో, ఏ గంటో, వాతావరణం ఎలా ఉందో రాసి పెట్టండి. ఎనిమిదో వారంలో మళ్ళీ ఇదే రోజు, ఇదే గంట కావాలి. మీరు ఏ కార్యక్రమమూ చేయబోని ఇంకో కూడలిలో కూడా ఇదే లెక్క తీయండి. రెండు చోట్లా సమానంగా మార్పు వస్తే అది మీ కృషి వల్ల వచ్చింది కాదు, వేరే ఏదో కారణం ఉంది.

చుక్కల బొమ్మను తక్కువగా చూడకండి. చుక్కలు ఒకే మూలన గుంపుగా పడితే, అక్కడ చెట్టుకొమ్మో, ఆగి ఉన్న వాహనాలో, అరిగిపోయిన గీతలో చూపుకు అడ్డం ఉండి ఉంటాయి. దానికి కావాల్సింది ప్రచారం కాదు. ఆ ఫొటోలతో రోడ్డు నిర్వహణ చూసేవారికి అర్జీ ఇవ్వండి.

## 2. ఎవరికి, ఏ ఒక్క పని?

కూడలి ప్రమాదాల్లో తరచుగా కనిపించేది ఇది: బైక్ నేరుగా వస్తుంటుంది, ఎదుటినుంచి వచ్చిన కారు దాని దారికి అడ్డంగా తిరుగుతుంది. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం దాదాపు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ఇంకో వాహనంతో ఢీకొన్న ప్రమాదాల్లో దాదాపు మూడింట రెండు వంతుల్లో, ఆ రెండో వాహనమే బైక్‌కు దక్కాల్సిన దారిని అడ్డగించిందని తేలింది. అంటే హెల్మెట్ ఎంత ముఖ్యమైనా, బైకర్లతో మాత్రమే మాట్లాడే ప్రచారం సగం పనే చేస్తుంది.

మీ లెక్కలో ఏది పెద్దగా కనబడిందో దాన్నిబట్టి ఒకటి ఎంచుకోండి:

- కారు డ్రైవర్లు: తిరిగే ముందు తల ముందుకు వంచి రెండోసారి చూడటం
- ఆగిన కారులోంచి దిగేవారు: తలుపుకు దూరంగా ఉన్న చేత్తో తలుపు తెరవడం. అలా తెరిస్తే భుజం తిరుగుతుంది, చూపు దానంతటదే వెనక్కి వెళుతుంది
- బైక్ నడిపేవారు: కూడలికి ముందే వేగం తగ్గించి, బ్రేకు మీద వేళ్ళు సిద్ధంగా ఉంచడం
- అందరు బైకర్లు, వెనక కూర్చునేవారు: స్ట్రాప్ బిగించడం
- లారీ పక్కన నడిపేవారు: మలుపులో లోపలి పక్కకు దూరకపోవడం

రెండు ఎంచుకోవాలనిపిస్తే రెండోదాన్ని వచ్చే విడతకు దాచండి.

## 3. బైక్ ఎందుకు కనబడదో వాలంటీర్లకు ముందు అర్థం కావాలి

"చూసుకోకుండా తిరిగాడు" అనడం తేలిక. చాలా సందర్భాల్లో ఆ డ్రైవర్ చూశాడు, అయినా కనబడలేదు. ఇది తెలియని వాలంటీర్ నిందిస్తాడు. నింద పడ్డ మనిషి ఇక వినడు. అందుకే ఈ నాలుగు కారణాలూ ప్రతి వాలంటీర్ సొంత మాటల్లో చెప్పగలగాలి.

స్తంభం చాటు. కారు ముందు అద్దానికి రెండు పక్కలా టాపును మోసే స్తంభాలుంటాయి. స్తంభం 12 సెంటీమీటర్ల వెడల్పుండి, కంటికి 70 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. రెండు కళ్ళతో చూసినా 20 మీటర్ల అవతల దాదాపు ఒకటిన్నర మీటర్ల వెడల్పున ఏమీ కనబడదు. ఎదురుగా వస్తున్న బైక్ వెడల్పు మీటరు కూడా ఉండదు. పైగా కారు, బైక్ రెండూ నిలకడైన వేగంతో ఒకే చోటికి వస్తుంటే, బైక్ మొదటినుంచి చివరిదాకా ఆ స్తంభం వెనకే ఉండిపోవచ్చు.

చూపు దూకుడు. అటూఇటూ చూసేటప్పుడు కన్ను నున్నగా జరగదు, ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు దూకుతుంది. దూకే ఆ క్షణంలో మెదడు దృశ్యాన్ని స్పష్టంగా తీసుకోదు. ఖాళీని మధ్యలో ఊహతో నింపుకుంటుంది. తల గబగబా అటూఇటూ తిప్పితే దూకుళ్ళు పెద్దవవుతాయి, సన్నని బైక్ ఆ సందులో మాయమవుతుంది.

చిన్నది దూరంగా అనిపించడం. లారీ, బైక్ ఒకే దూరంలో ఒకే వేగంతో వస్తున్నా, చిన్నది ఇంకా ఆలస్యంగా చేరుతుందనిపిస్తుంది. "టైముంది" అని తిరగడం ఇందువల్లే. రాత్రి ఒంటి లైటైతే దూరం అంచనా మరీ కష్టం.

వెతకనిది కనబడదు. ఎక్కువగా కార్ల కోసం వెతికే కన్ను కార్లనే పట్టుకుంటుంది.

## 4. సందేశం రాసి, పది మందిపై పరీక్షించండి

సందేశంలో క్రియ ఉండాలి. "బైకర్లను గౌరవించండి" అంటే డ్రైవర్ చేతులతో, తలతో ఏం చేయాలి? "తిరిగే ముందు వంగి మళ్ళీ చూడండి" అంటే అయోమయం లేదు.

రోడ్డు పక్క బోర్డుపై అయిదారు మాటలకు మించొద్దు. 60 కి.మీ. వేగంలో వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లలో చదవాలంటే 50 మీటర్ల దూరం నుంచే అక్షరం తెలియాలి. మన లిపిలో వత్తులు, గుణింతాలు కలిసిపోతాయి కాబట్టి తలకట్టు నుంచి అడుగు వరకు 20 సెంటీమీటర్లు పెట్టుకోండి, వత్తును విడిగా చూడండి. అలంకారపు ఖతులు, బొమ్మ మీద అక్షరాలు వద్దు. బోర్డును కూడలిలో పెట్టకండి. అక్కడ చూపు రోడ్డు మీద ఉండాలి. కూడలికి బాగా ముందు, ఇతర గుర్తులకు అడ్డం రాకుండా పెట్టండి.

పరీక్ష ఇలా: కార్యక్రమంతో సంబంధం లేని పది మందికి బోర్డు నమూనాను మూడు సెకన్లు చూపించి మూసేయండి. "ఇప్పుడు మీరు ఏం చేయాలి?" అని అడగండి. కనీసం ఎనిమిది మంది సరైన పని చెప్పకపోతే మాటలు మార్చండి. "బాగుందా?" అని మాత్రం అడగకండి. బాగుందనే అంటారు.

నెత్తురు, ధ్వంసమైన బండ్ల ఫొటోలు వద్దు. భయపెట్టి వదిలేస్తే మనిషి ముఖం తిప్పుకుంటాడు, "అది నాకు జరగదు" అనుకుంటాడు. బాధితుల కుటుంబాలకు అవి మళ్ళీ గాయం కూడా.

## 5. అనుమతులు, చోటు, మన మనుషుల రక్షణ

రోడ్డు మీద వెళ్తున్న వాహనాలు ఆపి కరపత్రం ఇవ్వడం మానేయండి. భద్రత గురించి చెబుతూ మనమే ప్రమాదం తెచ్చినట్టవుతుంది. వాహనాలు ఎలాగూ ఆగే చోట్లు వెతకండి: పార్కింగ్ స్థలం, పెట్రోలు బంకు పక్క ఖాళీ, ఫ్యాక్టరీ లేదా కాలేజీ ఆవరణ, సర్వీసింగ్ షెడ్డు, డ్రైవింగ్ స్కూలు మైదానం.

- స్థలం యజమాని, ట్రాఫిక్ పోలీసుల నుంచి రాతపూర్వక అనుమతి
- ప్రదర్శన చోటు చుట్టూ కోన్లు లేదా తాడు. ప్రజలు వచ్చే దారి, వాహనం కదిలే దారి వేర్వేరు
- ప్రతి వాలంటీర్‌కు మెరిసే పట్టీలున్న జాకెట్
- ప్రథమ చికిత్స తెలిసిన ఒకరు, అత్యవసర నంబరు రాసిన బోర్డు
- వాలంటీర్లందరూ వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ హెల్మెట్ పెట్టుకుని, స్ట్రాప్ బిగించి ఉండటం. ఒక్కరు తప్పినా ఆ ఫొటోయే మిగతా పనినంతా మింగేస్తుంది

## 6. చూపించండి, చేయించండి

కార్యక్రమానికి గుండెకాయ ఇదే. బడ్జెట్, సమయం, మనుషులు ఎక్కువగా ఇక్కడికే రావాలి.

### 6.1 కారు స్తంభం ప్రదర్శన

కావాల్సినవి: ఒక కారు, ఒక బైక్, 30 మీటర్ల టేపు, సుద్దముక్కలు, ఇద్దరు వాలంటీర్లు.

1. కారును సమతలంలో ఆపి, తాళంచెవి బయటికి తీసి, హ్యాండ్‌బ్రేక్ వేయండి.
2. వచ్చినవారిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. సీటు తాము నడిపేటట్టే సర్దుకోవాలి.
3. కంటి నుంచి స్తంభం మీదుగా 20 మీటర్లు కొలిచి, అక్కడ బైక్‌ను కారుకేసి ముఖం పెట్టి నిలబెట్టండి. ఇంజిన్ ఆపి ఉంచాలి.
4. "పూర్తిగా పోయింది" అని కూర్చున్నవారు చెప్పేవరకు బైక్‌ను పక్కకు మెల్లగా నెట్టండి. ఆ చోట సుద్దతో గీత. రెండో వైపు మళ్ళీ కనబడిన చోట ఇంకో గీత.
5. బైక్‌ను రెండు గీతల మధ్య ఉంచి, కూర్చున్నవారిని తల ఒక జానెడు ముందుకు వంచమనండి. బైక్ స్తంభం చాటునుంచి బయటికొస్తుంది.
6. కారు దిగి ఆ గీతల మధ్య తామే నిలబడి చూడమనండి. అప్పుడు డ్రైవర్ సీట్లో ఒక వాలంటీర్ కూర్చోవాలి.

ఆరో మెట్టును తొందరలో వదిలేస్తుంటారు. తాను నిలబడ్డ చోటునుంచి కారులో డ్రైవర్ ముఖం కనబడకపోవడం చూసినప్పుడే బైకర్‌కు విషయం లోపలికి దిగుతుంది. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు పడుతుంది, అంటే ఒక కారుతో గంటకు 15 మంది. వందమంది వస్తారనుకుంటే రెండు కార్లు, మూడున్నర గంటలు చూసుకోండి.

స్తంభం సన్నగా ఉండి బైక్ పూర్తిగా దాగకపోతే 25, 30 మీటర్ల దూరంలో ప్రయత్నించండి. అప్పటికీ దాగకపోతే ఆ కారు పనికిరాదు. ఇంకోటి తీసుకోండి, అంతేగాని సీటు అసహజంగా జరిపి ఫలితం రప్పించకండి.

### 6.2 లారీ ప్రదర్శన

లారీ ఆపి, తాళంచెవి బయటికి తీసి, చక్రాల కింద దిమ్మలు పెట్టండి. బంపర్‌కు మీటరు ముందు, డ్రైవర్‌కు అవతలి తలుపు పక్కన, వెనక బాడీకి ఆనుకుని ఒక్కో బైక్ నిలబెట్టండి. బైకర్లను ఒకరి తర్వాత ఒకరిని క్యాబిన్ ఎక్కించి, ఎన్ని బైకులు కనబడుతున్నాయో చెప్పమనండి. ఎక్కేటప్పుడు దిగేటప్పుడు తలుపు దగ్గర ఒక మనిషి చెయ్యి అందించాలి, మెట్లు ఎత్తుగా ఉంటాయి.

గుర్తుండాల్సిన మాట ఒకటే: లారీ అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనబడకపోతే మీరు అతనికి కనబడరు. ముఖం కనబడినంత మాత్రాన అతను మిమ్మల్ని చూసినట్టే అనుకోవద్దని కూడా చెప్పండి.

తర్వాత మలుపు. మూసి ఉన్న మైదానంలో, అనుభవం ఉన్న డ్రైవర్‌తో, జనాన్ని తాడు అవతల కనీసం 10 మీటర్ల దూరంలో ఉంచి చేయాలి. ముందు చక్రం వెళ్ళే గీతకు లోపలి పక్కన, బైక్ దూరేంత సందులో, ఖాళీ అట్టపెట్టెలు వరసగా పేర్చండి. లారీ నడక వేగంతో తిరుగుతుంది. ముందు చక్రం పెట్టెలకు దూరంగా పోతుంది. ఏమీ కాలేదనుకునేలోపు వెనక చక్రం లోపలికి కోసుకొచ్చి వాటిని ఒక్కొక్కటిగా నలిపేస్తుంది. వ్యాఖ్యానం అవసరం లేదు. ఆ చప్పుడు విననివ్వండి.

### 6.3 హెల్మెట్: స్ట్రాప్ దగ్గర ఆగండి

పుచ్చకాయ పగలగొట్టే ప్రదర్శనకు జనం చేరతారు, కానీ హెల్మెట్ తలను కాపాడుతుందని వాళ్ళకు ముందే తెలుసు. వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2008లో ఇచ్చిన సమీక్ష ప్రకారం హెల్మెట్ మరణం ముప్పును 42 శాతం, తల గాయం ముప్పును 69 శాతం తగ్గిస్తుంది. స్ట్రాప్ వదులుగా ఉన్న హెల్మెట్ దెబ్బకు ముందే ఊడిపోవచ్చు. అందుకే పని అక్కడ చేయండి:

1. కనుబొమలకు రెండున్నర సెంటీమీటర్లు పైన టేపుతో తల చుట్టుకొలత తీసి, హెల్మెట్ సైజుతో పోల్చండి.
2. పెట్టుకున్నాక అటూఇటూ తిప్పితే బుగ్గల చర్మం కూడా కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులు.
3. స్ట్రాప్ బిగించాక గడ్డం కింద రెండు వేళ్ళకు మించి దూరకూడదు.
4. వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తి చూడండి. నుదుటి మీదుగా ఊడొస్తే పనికిరాదు.
5. గట్టి దెబ్బ తిన్నదైతే మార్చమని చెప్పండి. లోపలి తెల్లటి ఫోమ్ నలిగి దెబ్బను తీసుకుంటుంది, నలిగింది మళ్ళీ లేవదు. బయటి పెంకు బాగానే కనబడవచ్చు.

నాలుగో పరీక్ష వాలంటీర్ చేయకూడదు, వారి చేతులతోనే చేయించాలి.

## 7. బైక్ నడిపేవారితో మాట్లాడేటప్పుడు

"మిమ్మల్ని చూడట్లేదు" అని చెప్పి ఆపేస్తే కోపం మిగులుతుంది. చేతిలో ఉన్న పని ఇవ్వండి.

కూడలికి ముందు 60 నుంచి 50 కి.మీ.కు తగ్గితే ఏమవుతుందో నేల మీద టేపు పరిచి చూపండి. ఒక సెకను స్పందన, పొడి రోడ్డు, మంచి బ్రేకులు అనుకుంటే 60లో ఆగడానికి దాదాపు 37 మీటర్లు, 50లో 28. ఆ 9 మీటర్లు నడిపించండి, అంకె కంటే అడుగులు బాగా గుర్తుంటాయి.

తిన్నగా ఎదురుగా వచ్చే బైక్ కదులుతున్నట్టే అనిపించదు. వెనకా పక్కా చూసుకుని తన లేన్‌లోనే కాస్త ఒక పక్కనుంచి ఇంకో పక్కకు జరిగితే నేపథ్యం నుంచి విడిపడి కంటికి ఆనుతుంది. పగలు కూడా లైటు, లేత రంగు లేదా మెరిసే జాకెట్ ఇందుకు సాయం చేస్తాయి. ఇవి కనబడే అవకాశాన్ని పెంచుతాయి, దారి ఇప్పిస్తాయని హామీ మాత్రం కావు. ఈ తేడాను నొక్కి చెప్పండి.

## 8. తరచుగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు

కారువాళ్ళు, బైకువాళ్ళు వాదులాటకు దిగారు. ఇద్దరినీ విడిగా కూర్చోబెట్టి సర్దిచెప్పకండి. సీట్లు మార్చండి: బైకర్ కారులోకి, కారు నడిపేవారు సుద్దగీతల మధ్యకు. వాదన దానంతటదే చల్లబడుతుంది.

జనం వచ్చారు, ఫొటోలు దిగారు, వెళ్ళిపోయారు. ఉపన్యాసం ముందు పెట్టి ఉంటారు. ప్రదర్శన ముందు, మాటలు తర్వాత, అవీ రెండు నిమిషాలే.

హెల్మెట్లు ఉచితంగా పంచాం, వాడటం లేదు. సైజు చూడకుండా ఇచ్చి ఉంటారు. తక్కువ పంచినా ఫర్వాలేదు, ప్రతిదీ తలకు పెట్టి, స్ట్రాప్ వారి చేత బిగింపజేసి ఇవ్వండి. ప్రమాణ ముద్ర లేనిది అసలు పంచొద్దు.

వాలంటీర్లు రెండో వారానికే తగ్గారు. మూడు గంటలకు మించి ఎవరినీ ఎండలో నిలబెట్టకండి. ఒక్కొక్కరికి ఒకే ప్రదర్శన అప్పగించి, దాన్ని బాగా చేయనివ్వండి.

## 9. మళ్ళీ లెక్క

ఎనిమిదో వారంలో అదే చోటు, అదే గంట, అదే కాగితం. వీలైతే ప్రదర్శనల్లో పాల్గొనని వాళ్ళ చేత లెక్క తీయించండి. కష్టపడినవారి కన్ను మంచినే చూస్తుంది. ఆ రోజు జాకెట్లు, బ్యానర్లు కనబడకూడదు, కనబడితే వాహనదారులు సర్దుకుంటారు.

ప్రమాదాల సంఖ్యతో ఫలితం చెప్పకండి. ఒక కూడలిలో అవి కొద్దిగానే ఉంటాయి, ఎనిమిది వారాల్లో పెరిగినా తగ్గినా అర్థం తీయలేం. మీరు నేర్పిన పనినే కొలవండి.

పెరుగుదల 7 పాయింట్లకు మించి, పోలిక కూడలిలో అలా లేకపోతే, మూడు నెలలకు ఇంకోసారి లెక్క తీయడానికి ఇప్పుడే తేదీ రాసి పెట్టుకోండి. అప్పటికి సగం జారిపోయి ఉంటే అదే ప్రదర్శన ఒక వారం మళ్ళీ నడపండి. పెరుగుదల రాకపోతే బోర్డులు పెంచకండి. రెండో మెట్టుకు వెళ్ళి, ఎంచుకున్న పని సరైనదేనా అని చుక్కల బొమ్మను మళ్ళీ ముందేసుకోండి.